మూడో చీర మగ్గానిది

ఉరవకొండ,
20 అక్టోబరు 2024

మారుతీ,

సెప్టెంబరు 27, శుక్రవారం. సువర్ణ ఆరింటికి లేచింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి అది మూడో రోజు. అర గ్లాసు రాగి జావ తాగింది. వాకిట్లో కుర్చీ వేయమంది, వేశాను. పావుగంట కూర్చుని లోపలికి వచ్చింది. తొమ్మిది దాటాక ఒకటి అడిగింది. తరవాత చూద్దాం అన్నాను. ఇంకోసారి అడిగింది. పదకొండింటికి మాత్ర వేసుకుని పడుకుంది. ఒంటి గంటకు అన్నం వద్దంది. రెండూ నలభైకి నేను మంచినీళ్లు తీసుకుని వెళ్లేసరికి అయిపోయింది. వాళ్లక్క హనుమంతమ్మ వదిన సాయంత్రానికి ధర్మవరం నుంచి వచ్చింది. మరుసటి రోజు పదింటికి అన్నీ ముగిశాయి.

నీకు గొంతు ఆపరేషను అయి నెల కూడా కాలేదు. రాలేవని తెలుసు. ఫోనులో మాట్లాడలేవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, కాలేజీ సెలవుల్లో రాసుకున్నట్టు.

ఒక విషయం అడగాలి. సువర్ణ ఫోను రోజూ ఉదయం తొమ్మిదింబావుకు మోగుతోంది. పది రోజులు పట్టించుకోలేదు. పదకొండో రోజు తెరిచాను. అందులో షేర్ల ఖాతా ఉంది. 2020 మే నుంచి నడుస్తోంది. నాలుగేళ్లకు పైగా. ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు తెలియదు. ఆ మొత్తం నా రిటైర్మెంటు డబ్బు కన్నా ఎక్కువ.

ఆమె చీరలు అమ్మే పుస్తకం ఒకటుంది. దాని చివరి పేజీలో ఇలా రాసింది: "ఇందులో సగం అక్క మూడో చీరది."

ఆ మాట నీకు తెలియకపోవచ్చు. వాళ్ల పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఒకసారి మగ్గానికి ఎక్కిస్తే మూడు చీరలు దిగుతాయి. రెండు చీరల డబ్బు ఇంటికి. మూడో చీర డబ్బు ఇంట్లో ఎవరూ ముట్టరు. అది మగ్గానిది. దానితోనే మళ్లీ పట్టు కొంటారు. పెళ్లిళ్లు వచ్చినా, జబ్బులు వచ్చినా ముట్టరు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పట్టు కొనే పని లేదు. వదిన ఆ డబ్బు సువర్ణకు దాచమని ఇచ్చిందట. సువర్ణ షేర్లలో దాచింది.

నువ్వు ముప్పై ఏళ్లు బ్యాంకు ట్రెజరీలో పని చేశావు. ఇదంతా ఏమిటో చెప్పు. ఆమె ఎట్లా నేర్చుకుంది? ఊరంతా తలుపులు మూసుకున్న ఏడాదిలో ఈ డబ్బు ఎందుకు పెరిగింది? నాకు బోధపడటం లేదు.

ఈశ్వరప్ప

*

ముంబయి,
2 నవంబరు 2024

ఈశ్వరా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. చెల్లెమ్మ గురించి ఏం రాయాలో తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా "మారుతన్నా, ముంబయిలో మా చీరలు ఎంతకు అమ్ముతారో చూసి చెప్పు" అనేది. చూసి చెప్పేవాణ్ణి. విని, ఆ ధరకు నవ్వేది.

గొంతు పోయాక నా చెయ్యి ఎక్కువ వాగుతోంది, ఓర్చుకో.

నువ్వు అడిగింది చెప్తాను. 2020 మార్చిలో రోగం భయంతో ప్రపంచమంతా షేర్లు కుప్పకూలాయి. మన దగ్గర మూడో వంతుకు పైగా పోయింది. అప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీని దాదాపు సున్నాకు దించింది. అంతటితో ఆగకుండా కొత్త డబ్బు పుట్టించి బాండ్లు కొనడం మొదలుపెట్టింది. మన రిజర్వు బ్యాంకూ వడ్డీ తగ్గించింది. ఫిక్సెడ్ డిపాజిట్ మీద వచ్చేది కూరగాయలకు చాలని రోజులు వచ్చాయి. మరి డబ్బు ఎక్కడికి పోతుంది? షేర్లలోకి పోయింది. ఫ్యాక్టరీలు మూసి ఉన్నా ధరలు లేచాయి. చెల్లెమ్మ అడుగున ఉన్నప్పుడు పెట్టింది. తెలివైన మనిషి, తనే నేర్చుకుని ఉంటుంది.

పోయిన నెల కొంచెం తగ్గింది, కంగారు పడకు. పెద్ద బ్యాంకులు పడనివ్వవు. పడినప్పుడల్లా డబ్బు పోస్తాయి. 2008లో పోశాయి, 2020లో పోశాయి. ఇంకా పోస్తాయి.

ఒక్కటి గుర్తుంచుకో. ఆమె ఫోనుతో నువ్వు ఏమీ అమ్మకు, కొనకు. ఆమె లేదు. ఖాతాలో నామినీ నువ్వే అయి ఉంటావు. మరణ ధ్రువపత్రం జత చేసి కాగితాలు పంపు. షేర్లు నీ పేరుకు మారతాయి. అప్పుడు తీరిగ్గా ఆలోచిద్దాం.

వేళకు తిను. నీకు వంట రాదని నాకు తెలుసు. హాస్టల్లో నువ్వు చేసిన ఉప్మా నేను మరచిపోలేదు, కుక్క కూడా మరచిపోయి ఉండదు.

నీ
మారుతి

*

ఉరవకొండ,
24 నవంబరు 2024

మారుతీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదువుతుంటే అర్థమవుతోంది. కాగితం మడిస్తే పోతోంది.

రోజూ పేపరులో ఆ పేజీ చూస్తున్నాను. అమెరికాలో కొత్త ఉద్యోగాలు బాగా తగ్గాయని రాశారు. ఆ రోజు అక్కడ షేర్లు పెరిగాయి. ఎందుకయ్యా అంటే, పరిస్థితి బాగోలేదు కాబట్టి వడ్డీ తగ్గిస్తారన్న ఆశ అట. అంటే మంచి వార్త చెడ్డదా? చైనా కేంద్ర బ్యాంకు సెప్టెంబరు చివర డబ్బు వదిలింది. విదేశీయులు మన షేర్లు అమ్మి అటు పోయారు. ధర్మవరంలో గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి డబ్బు చైనా వాళ్ల వల్ల ఎందుకు తగ్గాలి?

నేను భూగర్భ జలాల శాఖలో ముప్పై రెండేళ్లు చేసింది ఒకటే పని. టేపు చివర సుద్ద పూసి బోరులోకి దించేవాణ్ణి. సుద్ద తడిసిన మేరకు చూసి నీటి మట్టం రాసేవాణ్ణి. మొదటి వారంలోనే మా పెద్ద సారు ఒక మాట చెప్పాడు. పక్కన కాలువ పారుతున్నప్పుడు కొలిచింది ఆ బోరు మట్టం కాదు. అది కాలువ మట్టం. కాలువ ఆగి, నెలా రెండు నెలలు ఆగి, అప్పుడు కొలువు. అదే నిజం.

మా వీధిలో కుళ్లాయప్ప ఉన్నాడు కదా. పక్క చెరువుకు ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఏడు, వాన చుక్క లేకుండానే చెరువు నిండింది. అతని ఎండిన బోరులో నీళ్లు వచ్చాయి. నాలుగు ఎకరాల్లో చీనీ, అదే బత్తాయి, మొక్కలు పెట్టాడు. "ఇది కాలువ నీళ్లప్పా, నీది కాదు" అన్నాను. "నీళ్లకు పేరు రాసుంటాదా ఈశ్వరప్పా? నా బోర్లో ఉండాయి, నావే" అన్నాడు. చీనీ చెట్టు కాపుకు రావడానికి అయిదేళ్లు. నీళ్లు మూడేళ్లే వచ్చాయి. ఎండిన చెట్ల కోసం కట్టెల లారీ వచ్చిన రోజు అతను ఇంట్లోంచి బయటికి రాలేదు.

నా ప్రశ్న ఇది. 2008 నుంచి కాలువ పారుతూనే ఉందని నువ్వే రాశావు. అట్లాంటప్పుడు ఈ షేర్ల అసలు మట్టం ఎవరు కొలిచారు?

మొన్న హనుమంతమ్మ వదిన వచ్చింది. చెప్పు విప్పకముందే అడిగింది.

"ఏమప్పా, ఆ ఫోను దుడ్లు ఎంతయినాయి?"

తగ్గాయని చెప్పాను.

"తగ్గితే మంచిదే గదా. సువర్ణ తగ్గినప్పుడే గదా పెట్టింది."

"ఇంకా తగ్గితే?"

"తగ్గనీరంటప్పా. పైన పెద్ద బ్యాంకు ఉండాదంట. పడేకొద్దీ అది పోస్తానే ఉంటాదంట. సువర్ణనే చెప్పె."

"సువర్ణకు ఎవరు చెప్పినారు?"

"యాడ నేర్చుకునిందో నాకేం తెల్సు? నీతో ఉండి నేర్చుకునింది మాత్రం కాదు. నీకు బోరు గుంతలు తప్ప ఏం తెల్సు?"

పైన పెద్ద బ్యాంకు, పడనివ్వవు, పోస్తాయి. ఈ మూడు మాటలూ నీ ఉత్తరంలో ఉన్నాయి. ఇది అందరికీ తెలిసిన మాటేనా?

కాగితాలు ఇంకా పంపలేదు. ధ్రువపత్రం తెచ్చాను. కవరులో పెట్టలేదు.

ఈశ్వరప్ప

*

ముంబయి,
15 డిసెంబరు 2024

ఈశ్వరా,

అందరికీ తెలిసిన మాటే. ఇక్కడ లోకల్ రైల్లో కూర్చుంటే పక్కవాడు చెప్తాడు, ఎదుటివాడు చెప్తాడు. అందులో వింతేమీ లేదు.

మార్కెట్టు బోరు కాదు. బోరులో నీళ్లు ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. షేరు ధర అంటే పదిమంది ఒక కంపెనీ గురించి అనుకునే మాట. అనుకునేదానికి మట్టం ఏమిటి? నువ్వు ప్రతిదానికీ టేపు దించుతావు. కాలేజీలో మెస్ సాంబారులోకి కూడా స్కేలు దించి పప్పు ఎంత లోతుందో చూసినవాడివి.

నీ ప్రశ్న మాత్రం తల్లోంచి పోలేదు. నిజం చెప్తాను. బ్యాంకు డబ్బును బాండ్లలో, షేర్లలో తిప్పే మా ట్రెజరీ గదిలో ఇరవై మందిమి. నేను చేరిన కొత్తలో ఉదయం మీటింగులో ఏ కంపెనీ ఎంత ఉత్పత్తి చేసింది, ఎవరికి ఎంత అప్పుంది, వానలు ఎట్లా ఉన్నాయి అని మాట్లాడుకునేవాళ్లం. మీ జిల్లా శనక్కాయ పంట గురించి నేనే చెప్పేవాణ్ణి. 2008 తరవాత మెల్లగా ఆ మాటలు తగ్గాయి. నేను రిటైరయ్యే నాటికి ఒకటే ప్రశ్న మిగిలింది: 'వాళ్లేం చేస్తారు?' వాళ్లంటే కేంద్ర బ్యాంకులు. గవర్నరు ప్రకటనలో పోయినసారి ఉన్న ఏ మాట ఈసారి లేదో ఎర్ర పెన్నుతో దిద్దుకునేవాళ్లం. కంపెనీ బాగుందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగినవాడు వెనకబడేవాడు. నేను వెనకబడలేదు.

అయినా ఈ వ్యవహారం ఇన్నేళ్లుగా నడుస్తోంది. నడుస్తుంది కూడా. నువ్వు కాగితాలు పంపు. ధ్రువపత్రాన్ని కవరులో పెట్టడం కష్టమని తెలుసు. పెట్టు.

నీ
మారుతి

*

ఉరవకొండ,
19 జనవరి 2025

మారుతీ,

డిసెంబరు 23న కాగితాలు పంపాను. ఒక సంతకం చాలలేదని తిప్పి పంపారు. మళ్లీ పంపాను. ఇంకా మూడు నాలుగు వారాలు పడుతుందన్నారు.

ఈలోపు తగ్గుతూనే ఉంది. రోజూ తొమ్మిదింబావుకు, మార్కెట్టు తెరిచే వేళకు, ఆ ఫోను మోగుతుంది. చూస్తాను. చూడటం తప్ప చేయగలిగింది లేదు. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో కూడా నెలకోసారి పోయి కొలిచేవాణ్ణి. రైతు అడిగేవాడు, "కొల్చి ఏం చేస్తావు సారూ, నీళ్లు వస్తాయా?" అని. మట్టం పుస్తకంలో రాసుకుని వచ్చేవాణ్ణి.

వదిన ఇప్పుడు మగ్గం అమ్ముతానంటోంది. ధర్మవరం వెళ్లాను. బేరగాడు ఒకసారి వచ్చి చూసుకుని పోయాడు. మగ్గం డబ్బు కూడా తెచ్చి షేర్లలో పెట్టమంటోంది.

"తగ్గినప్పుడే కొనాల. సువర్ణ ఉంటే ఇదే చేసుండు," అంది.

"వదినా, మీ అమ్మ కూర్చున్న మగ్గం అది."

"మా అమ్మ కూచునింది, నడుము పోయింది. నేను కూచున్నా, నా నడుము పోతాంది. ఆర్నెల్లు మగ్గంలో నాడె ఆడిస్తే వచ్చేది, ఆ షేర్లలో ఊరికే ఉంటే నెలకొచ్చె. ఇంగ నేనేంటికి ఆడించల్ల? చెప్పు. సదువుకున్నోనివి గదా."

 ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. ఎక్కడో ఉంది.

ఇప్పుడే అమ్మదు. మగ్గం మీద పడుగు ఉంది. రెండు చీరలు దిగాయి, మూడోది నడుస్తోంది. పడుగును మధ్యలో కోయడం వాళ్ల ఇంట్లో లేదు. ఆ చీర దిగేదాకా మగ్గం కదలదు.

ఇంకొకటి రాయాలి. అక్టోబరులో రాయలేదు.

ఆ రోజు తొమ్మిది దాటాక సువర్ణ అడిగింది ఫోను. "ఇదో, ఆ ఫోను ఇట్లియ్యి" అంది. డాక్టరు విశ్రాంతి అన్నాడని నేను దాన్ని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. "తరవాత చూద్దాంలే" అన్నాను. పదింటికి మళ్లీ అడిగింది. "ఐదు నిమిషాలప్పా, పని ఉండాది" అంది. ఇవ్వలేదు. ఆమె నా జేబు వైపు చూసింది. మూడోసారి అడగలేదు.

పేపర్లలో ఒకటి చూశాను. సెప్టెంబరు 27న మన షేర్ల సూచీ అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తులో ఉంది. ఆ తరవాత ఆ ఎత్తు మళ్లీ చూడలేదు.

ఆమె ఏం చేద్దామనుకుంది? అమ్ముదామనా, కొందామనా, ఊరికే చూద్దామనా? ఆమె మెసేజీలు నేను తెరవలేదు. తెరవను. అవి నాకు రాసినవి కావు. నీకు ఏమైనా తెలిస్తే చెప్పు.

ఈశ్వరప్ప

*

ముంబయి,
9 ఫిబ్రవరి 2025

ఈశ్వరా,

నాకు తెలుసు.

ఆమెకు నేర్పింది నేను. 2020 ఏప్రిల్‌లో చెల్లెమ్మ ఫోను చేసింది. అక్క డబ్బు ఉంది, మగ్గం ఆగింది, ఏం చెయ్యమంటావన్నా అని అడిగింది. ఖాతా ఎట్లా తెరవాలో, ఏవి కొనాలో చెప్పాను. పడనివ్వరు, పోస్తారు అన్న మాట కూడా నాదే. తరవాత లాభం వచ్చింది కదా, నా గొప్ప చూసుకుని మురిసిపోయాను. నీకు చెప్పొద్దని మాత్రం నేను అనలేదు. "ఆయనకు చెప్తే టేపు దించుతాడన్నా, ముందు ఒక పడుగు దిగనీ" అంది. అన్ని పడుగులు దిగినా చెప్పలేదు. ఎందుకో నాకు తెలియదు.

సెప్టెంబరు 26 సాయంత్రం ఆమె మెసేజి పెట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"అన్నా, అక్క పాలుకొచ్చే షేర్లు రేపు అమ్మేస్తా. మూడో చీర పట్టు కొనేదానికే గదా. ముట్టగూడదు ముట్టగూడదు అని నాలుగేండ్లు పెట్టినా. పట్టు కొనకపోతే అది మూడో చీరే కాదు. అక్క మగ్గం మీద మనసు తీసేస్తాంది. తప్పు నాదే."

నేను ఏం రాశానో కూడా చెప్పాలి. "ఆగమ్మా. అమెరికా వడ్డీ తగ్గించింది, చైనా డబ్బు వదిలింది, ఇప్పుడే అసలు పరుగు. రెండు నెలలు ఆగు" అని రాశాను. ఆమె నుంచి ఒకటే జవాబు: "సరే అన్నా, రేపు పొద్దున చూసి చెప్తా."

ఆ పొద్దున ఆమె అడిగిన ఐదు నిమిషాలు ఇవే.

అమ్మేదో, నా మాట విని ఆగేదో తెలియదు. నేను ఆగమనకుండా ఉంటే ఆ సాయంత్రమే అమ్మకం ఆర్డరు ముందుగా పెట్టుకుని, ఉదయం ఎవరినీ ఫోను అడగకుండా ఉండేదేమో. నాలుగు నెలలుగా నీకు ఉత్తరాలు రాస్తూ దీని చుట్టూ తిరిగాను.

మొన్న శుక్రవారం రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించింది. దాదాపు అయిదేళ్ల తరవాత ఇదే మొదటిసారి. బాండ్లు కొంటామని, డబ్బు వదులుతామని అంతకుముందే ప్రకటించింది. రెండేళ్లుగా నేను చెప్తున్న రోజు అది. టీవీ ముందు కూర్చున్నాను. ఆ రోజు మార్కెట్టు తగ్గింది. పోసినా నిండలేదు. ఎందుకో నాకు తెలియదు. రేపు నిండుతుందేమో, అదీ తెలియదు. ట్రెజరీలో నా కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవాడికీ తెలియదు. అతను నా శిష్యుడే, అడిగాను.

నీ కాలువ మాట గురించి ఆలోచించాను. కాలువ నమ్మి ఇన్నేళ్లలో ఎంతమంది తోటలు పెట్టుకున్నారో చూడు. పెన్షను ఫండ్లు, బ్యాంకులు, అప్పు తెచ్చి పెట్టినవాళ్లు, నెలకు ఐదు వందలు కట్టే డ్రైవర్లు. కాలువ మూస్తే ఇన్ని తోటలు ఒక్కసారి ఎండుతాయి. అందుకే మూయలేరు. మూయరని తెలిసి ఇంకా తోటలు పెడతారు. ప్రతిసారీ కాలువ ఇంకొంచెం వెడల్పు చెయ్యాలి. ఎక్కడో గట్టు తెగాలి. ఎప్పుడు, ఏ చోట అన్నది తెలియదు. వచ్చే వారమో, ఇరవై ఏళ్లకో. నేను ముప్పై ఏళ్లు ఆ గట్టు మీద జీతం తీసుకున్నాను, ఒక్కసారి కూడా కాలితో తట్టి చూడలేదు.

ఇక సలహా ఇవ్వను. నీకు తోచింది చెయ్యి. కోపం ఉంటే రాయి. రాయకపోతే ఇంకా భయంగా ఉంటుంది.

మారుతి

*

ఉరవకొండ,
2 మార్చి 2025

మారుతీ,

కోపం వచ్చింది. మూడు రోజులు ఉంది. నాలుగో రోజు తగ్గింది. నువ్వు ఆగమన్నావు. నేను ఫోను ఇవ్వలేదు. ఇద్దరం ఒకటే పని చేశాం. ఇద్దరమూ ఆమె మంచికే అనుకున్నాం. దీని గురించి మళ్లీ రాయవద్దు.

ఎందుకు నాకు చెప్పలేదో మాత్రం అర్థం కాలేదు. చెప్పి ఉంటే నేను టేపు దించేవాణ్ణే. అది నిజం. బహుశా అంతే.

మొన్న శుక్రవారం షేర్లు నా పేరుకు వచ్చాయి. ఆ రోజే మార్కెట్టు బాగా పడింది. నా సిమ్ముకార్డు ఆమె ఫోనులో వేసుకున్నాను. నాది బటన్ల ఫోను, దాంట్లో ఈ పని జరగదు.

నిన్న ధర్మవరం వెళ్లాను. వదిన మగ్గం గుంటలో ఉంది. మూడో చీర కొంగు దాకా వచ్చింది. మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది. నేను కింద కూర్చున్నాను. పోగును అటూ ఇటూ తిప్పే నాడెను ఆమె ఆపలేదు.

ఆ రోజు ఫోను జేబులో పెట్టుకున్న సంగతి చెప్పాను. సువర్ణ నీకు పంపిన మాటలు చదివి వినిపించాను. 'అక్క మగ్గం మీద మనసు తీసేస్తాంది' అన్న చోట నాడె ఆగింది.

"అది అట్లనిందా?"

"ఆ."

 తెగిన పోగు ఒకటి ముడేసింది. తరవాత అడిగింది.

"ఇప్పుడు ఎంత పోయింది?"

"అప్పటికీ ఇప్పటికీ చూస్తే అయిదో వంతు దాకా పోయింది. నువ్వు ఇచ్చినదానికంటే ఇంకా ఎక్కువే ఉంది."

"ఇప్పుడు అమ్మితే ఆ పోయింది పోయినట్లే గదా?"

"పోయినట్లే."

"ఉంచితే మల్లా వస్తాదా?"

"రావచ్చు."

"రాకపోతే?"

"ఇంకా పోవచ్చు."

"అంటే ఏమప్పా?"

"నాకు తెలియదు వదినా. మారుతికీ తెలియదంట. పైన పోసేవాళ్లకు కూడా తెలియదేమో."

"తెల్దని చెప్పేదానికి ఉరవకొండ నుంచి రెండు బస్సులు మారి వచ్చినావా?"

"అవును."

ఆమె నవ్వింది. సువర్ణ పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒకటి తెలుసు," అన్నాను. "మూడో చీర మగ్గానిదని మీరే అన్నారు. మగ్గం అమ్మేస్తే మూడో చీర ఎవరిది?"

 నాడె మళ్లీ ఆడింది. లేచి వచ్చేటప్పుడు వెనక నుంచి అంది:

"ఆ బేరగాడు శుక్రవారం వస్తాడు. దానికి ముందు ఈ ఇంట్లోకి పట్టు వస్తే మగ్గం ఉంటాది. రాకపోతే పోతాది. నేను అమ్మమనను, వద్దనను. నీ చేతిలో పెట్టిపోయింది నా చెల్లెలు. నువ్వే చూసుకో. బువ్వ తిని పో."

సంగటి, శనక్కాయల పచ్చడి. తిన్నాను. ఆమె నా ప్లేటు చూసి, "సువర్ణ పోయినాక సరింగా తినింది ఇదే గదా?" అంది. అబద్ధం చెప్పాను.

బస్సులో ఆలోచించాను. మార్కెట్టు మళ్లీ లేస్తే వదిన నన్ను జీవితాంతం అంటుంది. అననీ. నేను కొలవగలిగింది ఆమె మగ్గం ఒక్కటే. పడుగుకు ఎంత పట్టు కావాలి, ఎన్ని రోజులు పడుతుంది, మూడు చీరలు. అది కాలువ పారినా, ఆగినా మారదు. సూచీ గురించి అంత మాట ఎవరూ చెప్పలేకపోతున్నారు.

సువర్ణ సగం మాత్రం ఏం చెయ్యాలో తేలలేదు. అమ్మితే ఆమె చేసింది చెరిపినట్టు ఉంటుంది. ఉంచితే కుళ్లాయప్ప తోట గుర్తొస్తుంది. రాత్రి కుళ్లాయప్పను అడిగాను. "నన్నడుగుతావేంటప్పా, నేను చీనీ పెట్టినోన్ని" అన్నాడు. అది అలాగే ఉండనీ.

నువ్వు ఆరోగ్యం చూసుకో. ఉత్తరాలు ఆపకు.

రేపు ఉదయం ఎనిమిదిన్నరకు స్నానం చేసి, సువర్ణ మంచం పక్కన కుర్చీ వేసుకుంటాను. తొమ్మిదికి ఫోను జేబులోంచి తీస్తాను. తొమ్మిదింబావుకు మోగగానే వదిన వాటా షేర్లు అమ్ముతాను. ఐదు నిమిషాల పనే అంది సువర్ణ.

ఈశ్వరప్ప